జీపులో ట్యాబ్ ఊడిపోకుండా

ప్రశ్న: ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో మ్యాపుల కోసం 10 అంగుళాల ట్యాబ్‌ని అద్దానికి రబ్బరు కప్పు హోల్డర్‌తో పెట్టాను. మట్టి దారిలో గుంత తగిలితే చాలు, ఊడి పడుతోంది. గట్టిగా బిగించేదెలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రబ్బరు కప్పు వదిలేయండి. మన ఎండకి అద్దం కాలుతుంది, రబ్బరు మెత్తబడి అంచుల్లోంచి గాలి దూరుతుంది. బోల్టులే దారి.

డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్‌కి నేరుగా స్క్రూలు దింపితే కుదుపులకి రంధ్రాలు సాగిపోతాయి. ప్యానెల్ విప్పి, వెనకాల వైర్లు లేనిచోట 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీ పెట్టండి. నాలుగు ఎం5 (5 మిల్లీమీటర్ల మందం) బోల్టులు, వెడల్పు వాషర్లు, నైలాన్ లాక్ నట్లు చాలు. మరలు వదులు కాకుండా పూసే లాకింగ్ ద్రవం మాత్రం వద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి పగుళ్లిస్తుంది. ఎయిర్‌బ్యాగ్ మూత మీదా, అది తెరుచుకునే దారిలోనూ ఏదీ బిగించకూడదు. ఇందులో రాజీ లేదు.

బాల్ మౌంటు (గుండు కీలు మీద ఎటైనా తిరిగే హోల్డర్) గుండు 1 అంగుళానిది కాక 1.5 అంగుళాలది తీసుకోండి, ఈ బరువుకి గతుకుల్లో చిన్నది జారుతుంది. మౌంటు చేయి ఎంత పొట్టిదైతే ఊపు అంత తక్కువ. స్ప్రింగు క్లిప్పు కన్నా ట్యాబ్ నాలుగు మూలలూ పట్టే క్రేడిల్ (చట్రం) మేలు. రోడ్డు కనబడేందుకు ట్యాబ్ పై అంచు ముందు అద్దం కింది అంచుని దాటకూడదు.

ఛార్జరుకి కరెంటు ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే వచ్చే లైను నుంచి, తీసినచోటే 5 ఆంపియర్ల ఫ్యూజు వేసి ఇవ్వండి. బండి ఎండలో ఆపితే ట్యాబ్ వెంట తీసుకెళ్లండి, వేడికి బ్యాటరీ ఉబ్బుతుంది.