ఎర్రచందనం, శ్రీగంధం ఒకే రకం చెట్లేనా?

పేరులో గంధం, చందనం ఉన్నాయి కాబట్టి ఈ రెండూ దగ్గరి చుట్టాలేనా, ఒకేలా పెంచొచ్చా అని అడిగారు. చుట్టాలు కానే కావు. అవి ఒకటేననుకుని నేను ఒక గంధం మొక్కను పోగొట్టుకున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎర్రచందనం (టెరోకార్పస్ శాంటాలినస్) మన కంది, చిక్కుడు ఉండే ఫాబేసీ కుటుంబానిది. శ్రీగంధం (శాంటలమ్ ఆల్బమ్) శాంటలేసీ కుటుంబానిది. ఆకు చూసినా తెలిసిపోతుంది. ఎర్రచందనానికి ఒక్కో కాడకు మామూలుగా మూడు ఆకులుంటాయి, గంధానికి ఎదురెదురుగా ఒంటి ఆకులు. ఎర్రచందనం పువ్వు పసుపు రంగు, కాయ చుట్టూ పల్చటి రెక్క ఉంటుంది. దాని చేవలో ఉన్నది ఎర్రటి రంగే, గంధానికున్న సువాసన దానికి లేదు.

అసలు తేడా వేళ్ల దగ్గర ఉంది. గంధం సగం పరాన్నజీవి. ఆకులతో తన ఆహారం తాను చేసుకుంటుంది కానీ, నీళ్లు, పోషకాల కోసం పక్క మొక్కల వేళ్లను పట్టుకుంటుంది. ఈ సంగతి తెలియక మొదటి మొక్కను ఒంటరిగా కుండీలో పెట్టాను. ఎరువు వేసినా ఆకులు పాలిపోయి, కొన్ని నెలలకు ఎండిపోయింది. చాలా బాధేసింది. రెండోసారి పక్కనే కంది నాటాను. కుండీ మార్చేటప్పుడు మట్టి కడిగి చూస్తే, గంధం వేళ్ల మీద చిన్న చిన్న బొడిపెలు కంది వేరును గట్టిగా కరుచుకుని ఉన్నాయి. ఆ కంది ఎర్రచందనం కుటుంబానిదే కావడం నాకు భలే ముచ్చటేసింది.

ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, వెలిగొండ, లంకమల లాంటి రాతి నేలల పొడి అడవులు దాని ఇల్లు. గంధం అలా కాదు, కర్ణాటక, తమిళనాడు, కేరళలోని మరయూర్‌తో పాటు ఇండోనేషియాలోనూ ఉంది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్, ప్రమాదంలో ఉన్న జీవులకు వేసే ఎర్ర జాబితాలో గంధం 'హాని పొంచి ఉన్న' జాతి. నరికివేతకు తోడు స్పైక్ తెగులు దాన్ని దెబ్బతీసింది. ఎర్రచందనం పరిస్థితి ఇంకా కష్టం. 2018లో ప్రమాదం కాస్త తగ్గిన వర్గంలోకి మార్చారు, 2021లో మళ్లీ 'అంతరించే ప్రమాదం' వర్గంలో చేర్చారు. ఉన్న చోటే తక్కువ, అక్కడా దొంగరవాణా. ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో (అనుమతితోనే వ్యాపారం చేయాల్సిన జాబితాలో) 1995 నుంచి ఉన్నా గొడ్డలి ఆగలేదు.

మీరు గంధం మొక్క తెచ్చుకుంటే మాత్రం, అదే రోజు పక్కన నాలుగు కంది గింజలు వేయండి.