పాలు విరిగితే ఒక మాట, పంపు చెడితే ఒక మాట

భాషా సందేహాలు: ప్రశ్నలు, జవాబులు

స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదం చేస్తున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకుల ప్రశ్నలు ఈసారి చాలావరకు ఒకే చోట చేరాయి. చెడిపోవడం, ముదరడం, దిగజారడం చెప్పే క్రియలు అందరినీ ఇబ్బంది పెడుతున్నాయి. అందుకే ఈ సంచికంతా వాటికే ఇచ్చాం.

ప్రశ్న: ఎంపెయొరార్, అగ్రవార్సె, దెతెరియొరార్సె. ఈ మూడింటికీ నిఘంటువులో 'గెట్ వర్స్' అనే ఉంది. అన్నిచోట్లా అదే రాస్తే మార్కులు పోతున్నాయి. ఏది ఎక్కడ వాడాలి? కొన్నిటి చివర 'సె' ఎందుకు?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఒక్కో మాటలో ఏం దాగి ఉందో చూడండి. ఎంపెయొరార్‌లో 'పెయొర్' ఉంది, అంటే 'మరింత చెడ్డ' అని. స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువు దీని అర్థంలో ఒక షరతు పెట్టింది: అప్పటికే బాగాలేనిది ఇంకా పాడవడం. అందుకని 'లా సితువాసియొన్ ఎంపెయొరో' అన్నచోట పరిస్థితి మొదటినుంచీ అంతంతమాత్రమే. మామూలు మాటల్లో 'గాట్ వర్స్', నివేదికలో 'వర్సెన్డ్' రాయండి. నిన్నటిదాకా నిక్షేపంలా ఉన్న వస్తువు పాడైతే ఈ క్రియ పనికిరాదు, అక్కడ ఎస్త్రొపెయార్సె రావాలి.

అగ్రవార్సెలో 'గ్రావె' ఉంది. లాటిన్‌లో దాని మూలానికి బరువు అని అర్థం. జబ్బు, సంక్షోభం, తగాదా వంటివి తీవ్రమయ్యాయని చెప్పడానికి దీన్ని వాడతారు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చూడటానికి ఒకేలా ఉంది కదా అని ఇంగ్లీషులో 'ద సిచ్యుయేషన్ ఆగ్రవేటెడ్' అని రాసేస్తారు. ఇంగ్లీషు ఆగ్రవేట్ సకర్మక క్రియ, దేన్ని తీవ్రం చేసిందో చెప్పి తీరాలి. 'ద ఫాల్ ఆగ్రవేటెడ్ హిజ్ ఇంజరీ' అనవచ్చు. పరిస్థితి తనంతట తాను ముదిరితే 'వర్సెన్డ్' గానీ 'బికేమ్ మోర్ సీరియస్' గానీ రాయాలి. ఇంకో మాట: అగ్రవియార్ అని వేరే క్రియ ఉంది, దాని అర్థం అవమానించడం, అన్యాయం చేయడం. ఒక్క 'ఇ'కారం తేడాతో వాక్యం తలకిందులవుతుంది.

దెతెరియొరార్సె మెల్లమెల్లగా అరిగి, కరిగి, పాతబడి దిగజారడం. గోడ, రోడ్డు, ఆరోగ్యం, ఇద్దరి మధ్య సఖ్యత అన్నిటికీ వాడతారు. ఇంగ్లీషులో డిటీరియొరేట్ అన్నా తప్పు లేదు, కానీ అది ఆఫీసు కాగితాల మాట. పాత ఇంటికి 'ఫాల్ ఇంటు డిస్‌రిపేర్', చెడిన సంబంధానికి 'సౌర్' అంటే వాక్యం సహజంగా ఉంటుంది.

ఆ చివరి 'సె' గురించి కూడా అడిగారు. ఇందులో తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఉంది. మనం 'పాడు చేశాడు', 'పాడైపోయింది' అని రెండు రూపాలు వాడుతుంటాం. ఎస్త్రొపెయార్ అంటే పాడు చేయడం, ఎస్త్రొపెయార్సె అంటే పాడైపోవడం. మీ వాక్యంలో 'పోయింది' నప్పిన చోట స్పానిష్‌లో సాధారణంగా 'సె' ఉంటుంది. ఎంపెయొరార్ మాత్రం ఈ లెక్కకు లొంగదు. 'సె' లేకుండానే రెండు పనులూ చేస్తుంది. 'సె ఎంపెయొరో' అన్నా తప్పు కాదు.

'సె మె ఎస్త్రొపెయో ఎల్ మోవిల్' లాంటి వాక్యంలో మధ్యనున్న 'మె'ని 'టు మీ' అని రాయకండి. 'నా ఫోను పాడైపోయింది' అన్నప్పుడు మన 'నా' చేసే పనే ఆ 'మె' చేస్తుంది. కాబట్టి 'మై ఫోన్ స్టాప్డ్ వర్కింగ్'.

కాలం దగ్గర కూడా జాగ్రత్త పడాలి. 'వా ఎంపెయొరాందొ' అంటే రోజురోజుకీ దిగజారుతోందని, 'ఈజ్ స్టెడిలీ గెటింగ్ వర్స్'. 'వియెనె ఎంపెయొరాందొ దెస్దె మాయొ' అంటే మే నెల నుంచి దిగజారుతూ వస్తోందని, 'హాజ్ బీన్ గెటింగ్ వర్స్ సిన్స్ మే'. 'కాదా వెస్ పెయొర్' కనిపిస్తే 'ఈచ్ టైమ్ వర్స్' అనకండి. ఇంగ్లీషులో ఆ అర్థానికి 'వర్స్ అండ్ వర్స్' అంటారు.

ప్రశ్న: జీడిపప్పు ఎగుమతి ఆఫీసులో ఉత్తరాలు చూస్తాను. స్పెయిన్ నుంచి వచ్చిన ఫిర్యాదులో 'ఉనా పార్తె సె ఆ ఎచాదొ ఆ పెర్దెర్' అని ఉంది. 'కొంత భాగం పోగొట్టుకోవడం మొదలైంది' అని ఎవరో అనువదించి ఇచ్చారు. బీమా కాగితంలో 'అవెరీయా గ్రుయెసా' అని కూడా ఉంది. ఇవి సరిగ్గా ఏమిటి?
– ఒక గుమస్తా, పలాస

జవాబు: ఆ అనువాదం ఎలా తప్పిందో అర్థమవుతూనే ఉంది. ఎచార్సె ఆ తర్వాత ఇంకో క్రియ వస్తే మామూలుగా 'హఠాత్తుగా మొదలుపెట్టు' అని అర్థం. ఎచార్సె ఆ యొరార్ అంటే భోరున ఏడవడం. పెర్దెర్ అంటే పోగొట్టుకోవడం. ఈ రెండూ కలిసినప్పుడు మాత్రం విడి అర్థాలు పోయి 'పాడైపోవడం' అవుతుంది. వ్యాపార ఉత్తరంలో 'పార్ట్ ఆఫ్ ద కన్‌సైన్‌మెంట్ హాజ్ స్పాయిల్డ్' అని రాయండి.

అక్కడితో ఆగకుండా ఉత్తరంలో ఇంకా ఏ మాట ఉందో వెతకండి. ఎలా పాడైందన్న దానిమీదే నష్టం ఎవరిదన్నది తేలుతుంది. రాన్సియొ గానీ ఎన్‌రన్సియాదొ గానీ ఉంటే పప్పు నూనె కంపు కొడుతోందని, ఇంగ్లీషులో 'ర్యాన్సిడ్'. పప్పులోని కొవ్వుకు గాలి, వేడి తగిలి జరిగేది ఇది. ముక్కల్లో ఎక్కువ భాగం గాలికి తగులుతుంది కాబట్టి గుండు పప్పుకంటే బేగి కంపు పడుతుంది. మోహొసొ ఉంటే బూజు, 'మోల్డీ'. అది తేమ వల్ల వచ్చేది. ఎగుమతి పప్పులో తేమ 5 శాతం దాటకూడదు కదా, అప్పుడు మీ ఆరబెట్టిన తీరు నుంచి కంటైనర్‌లో పట్టిన చెమ్మదాకా అన్నీ ప్రశ్నకు వస్తాయి. అపొలియాదొ అంటే పురుగు తిన్నది, 'ఇన్‌సెక్ట్ డ్యామేజ్డ్'. అన్నిటికీ కలిపి 'బ్యాడ్' అని అనువదిస్తే మీ యజమాని తప్పు చోట జవాబు వెతుక్కుంటాడు.

కదుకాదొ అంటే గడువు దాటిందని మాత్రమే. సరుకు చెడిందని కాదు. సంచి మీద 'కొన్సుమొ ప్రెఫెరెంతె' అని తేదీ ఉంటే అది 'బెస్ట్ బిఫోర్'. ఆ తేదీ దాటితే రుచి తగ్గవచ్చు గానీ తినకూడదని అర్థం కాదు. పేరు విషయం కూడా గుర్తుంచుకోండి: జీడిపప్పు స్పెయిన్‌లో అనకార్దొ, మధ్య అమెరికాలోనూ కొలంబియాలోనూ మరన్యొన్, వెనెజులాలో మెరెయ్.

ఇక అవెరీయా గ్రుయెసా. అవెరీయా అంటే యంత్రం చెడటం, గ్రుయెసా అంటే లావు, కాబట్టి 'పెద్ద రిపేరు' అనుకుంటారు. సముద్ర చట్టంలో ఇది 'జనరల్ యావరేజ్'. ఓడ మునిగే ప్రమాదంలో ఉన్నప్పుడు మిగతా సరుకునూ ఓడనూ కాపాడటానికి కావాలని కొంత సరుకు సముద్రంలో పారేస్తే, ఆ నష్టాన్ని ఓడ యజమాని, సరుకు యజమానులు అందరూ తమతమ విలువను బట్టి పంచుకోవాలి. మీ పెట్టెలు భద్రంగా చేరినా మీ వాటా మీరు కట్టాలి. ఆ మాట తప్పుగా వెళితే డబ్బు కట్టమని వచ్చిన నోటీసు ఓడ మరమ్మతు వార్తలా కనిపిస్తుంది. వెంటనే బీమావాళ్లకు చూపించండి.

ప్రశ్న: ఓడ ఇంజిన్ గదిలో పనిచేస్తున్నాను. పెరూ మనిషి 'సె మలోగ్రో' అంటాడు, కొలంబియా మనిషి 'సె దాన్యో' అంటాడు, మెక్సికో మనిషి 'సె దెస్కొంపుసొ' అంటాడు. లాగ్‌బుక్ ఇంగ్లీషులో రాయాలి. ముగ్గురూ చెప్పేది ఒకటేనా?
– ఒక నావికుడు, సోంపేట

జవాబు: యంత్రం గురించైతే ఒకటే: చెడిపోయింది. స్పెయిన్ మనిషి ఉంటే 'సె అవెరియో' అంటాడు, అర్జెంటీనా మనిషి 'సె రొంపియో' అంటాడు. కానీ యంత్రం పక్కకు రాగానే దారులు వేరవుతాయి. మలోగ్రార్సె పెరూ బయట ఎక్కువగా 'ఫలించకపోవడం', ఏదైనా ప్రయత్నం బెడిసికొట్టడం. 'మె దెస్కొంపుసె' అని అర్జెంటీనా మనిషి అంటే తనకే ఒంట్లో బాగాలేదని, మిషను చూడటానికి వెళ్లకండి.

లాగ్‌బుక్‌లో 'బ్రేక్ డౌన్' అన్నిటికీ అతకదు. వాహనానికీ పెద్ద యంత్రానికీ అది బాగుంటుంది. పంపు, వాల్వు, సీలు వంటి భాగానికి 'ఫెయిల్డ్' రాయండి. దెస్‌గస్తాదొ అంటే అరిగిపోయింది, 'వోర్న్'. మోటారు 'సె కెమో' అంటే కాలిపోయింది, 'బర్న్‌డ్ ఔట్'. మర 'సె పసో దె రోస్కా' అంటే చుట్లు పోయాయి, 'ద థ్రెడ్ ఈజ్ స్ట్రిప్‌డ్'. ఎవరైనా 'లా బొంబా' అని అరిస్తే కంగారు పడకండి. బాంబుకూ పంపుకూ స్పానిష్‌లో ఒకటే మాట.

ప్రశ్న: ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి చదువుతూ మధ్య అమెరికా వైద్య నివేదికలు ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. 'దెతెరియొరొ ప్రొగ్రెసీవొ', 'ఎవొలుసియొన్', 'ఇన్‌సుఫిసియెన్సియా' అన్న మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి.
– ఒక నర్సు, కవిటి

జవాబు: ఎంచుకున్న పని చాలా విలువైనది. ఎల్ సాల్వదోర్, నికరాగువా చెరకు కూలీల్లోనూ కారణం తేలని ఇలాంటి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే కనిపించింది. దానిమీద స్పానిష్‌లో ఉన్న సమాచారం మనవాళ్లకు అందాలి. అందుకే ఒక్కో మాట తూచి వేయాలి.

ప్రొగ్రెసీవొ అంటే బాగుపడటం కాదు. జబ్బు విషయంలో 'ప్రొగ్రెసార్' అంటే ముందుకు పాకడమే. దెతెరియొరొ ప్రొగ్రెసీవొ దె లా ఫున్సియొన్ రెనాల్ అంటే కిడ్నీ పనితీరు క్రమంగా క్షీణించడం, 'ప్రోగ్రెసివ్ డిక్లైన్ ఇన్ కిడ్నీ ఫంక్షన్'. ఇక్కడ డిక్లైన్ మంచి మాట. కొలతలో తగ్గేది పనితీరు, లక్షణాలు మాత్రం 'వర్సెన్' అవుతాయి, రోగి స్థితి 'డిటీరియొరేట్' అవుతుంది. ఈ మూడింటినీ కలపకండి.

ఎవొలుసియొన్ అంటే పరిణామ సిద్ధాంతం కాదు, జబ్బు నడిచిన తీరు. 'ఎవొలుసియొనా ఫవొరాబ్లెమెంతె' ఉంటే రోగి కోలుకుంటున్నారు. 'దెస్‌ఫవొరాబ్లె' ఉంటే లేదు. పక్కన విశేషణం లేకపోతే మీరు సొంతంగా చేర్చకండి. 'క్వాద్రొ' అంటే పటం అనుకోకండి, అది లక్షణాల సముదాయం. దెస్‌మెహొరాదొ అని రాస్తే మనిషి చిక్కిపోయి, వాడిపోయి ఉన్నాడని, 'లుక్స్ రన్ డౌన్'.

అన్నిటికంటే ప్రమాదమైనది ఇన్‌సుఫిసియెన్సియా రెనాల్ క్రోనికా, అంటే కిడ్నీ దీర్ఘకాలంగా సరిగా పనిచేయకపోవడం. పాత నివేదికల్లో జబ్బు అన్ని దశలకూ ఇదే రాశారు. దాన్ని వరసగా 'కిడ్నీ ఫెయిల్యూర్' అంటే ఆరంభ దశలో ఉన్న మనిషిని చివరి దశకు తోసేసినట్టే. పక్కన ఫిల్త్రాదొ గ్లొమెరులార్, అంటే కిడ్నీ వడపోత వేగం, అంకె చూడండి. 15 కంటే తక్కువైతేనే ఐదో దశ, అక్కడే ఫెయిల్యూర్. 15 నుంచి 29 నాలుగో దశ, 30 నుంచి 59 మూడోది. ఆ అంకెలు ఉన్నప్పుడు 'క్రానిక్ కిడ్నీ డిసీజ్' అని రాసి దశ పేర్కొనండి.

మరో మాట కూడా మీకు పనికొస్తుంది. రెక్రుదెసేర్ అంటే తగ్గుముఖం పట్టిన కీడు మళ్లీ పైకి లేవడం. ఉత్త 'ఇంక్రీజ్' అంటే సగం అర్థం పోతుంది. మన 'తిరగబెట్టడం' దీనికి అచ్చంగా సరిపోతుంది. యుద్ధానికీ చలికీ జబ్బుకూ వాడతారు, ఇంగ్లీషులో 'ఫ్లేర్ అప్ అగైన్'. అయితే మలేరియా కాగితాల్లో జాగ్రత్త. రెక్రుదెసెన్సియా అంటే రక్తంలో మిగిలిన పరాన్నజీవులే మళ్లీ పెరగడం, 'రిక్రుడెసెన్స్'. రెకాయీదా అంటే వైవాక్స్ రకంలో కాలేయంలో దాగినవి లేవడం, 'రిలాప్స్'. తెలుగులో రెండూ తిరగబెట్టడమే గానీ వైద్యంలో తేడా ఉంది. కాలేయంలో దాగిన వాటికి ప్రైమాక్విన్ వంటి మందు కావాలి.

ప్రశ్న: 'అర్రెసియో ఎల్ వియెంతొ ఇ ఎల్ మార్ సె పికో'. మొదటి సగం సరే, సముద్రాన్ని ఏది కుట్టింది?
– ఒక పాఠకుడు, భావనపాడు

జవాబు: పికార్ అంటే కుట్టడమే గానీ ఇక్కడ ఏదీ కుట్టలేదు. గాలి జోరందుకుంది, సముద్రం పోటెక్కి అలలు రేగాయి. 'ద విండ్ పిక్‌డ్ అప్ అండ్ ద సీ టర్న్‌డ్ చాపీ'. పికార్సె ద్రాక్షసారాకు వస్తే పులిసి వెనిగర్ కావడం, పంటికి వస్తే పుచ్చడం. తుపాను తర్వాత 'లా కొసేచా సె పెర్దియో' అని చదివితే పంట దారి తప్పిందని కాదు, దెబ్బతిని పోయిందని. 'ద క్రాప్ వజ్ లాస్ట్'.

ప్రశ్న: 'ఉనా ఫమీలియా వెనీదా ఆ మేనొస్' అనే మాటకు ఇంగ్లీషు ఏమిటి? 'పూర్ ఫ్యామిలీ' అంటే సరిపోతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: సరిపోదు. పేద కుటుంబం ఎప్పటినుంచో పేదదై ఉండవచ్చు. ఇది బతికిచెడ్డ కుటుంబం. ఒకప్పుడు బాగా బతికిందన్న సంగతి ఆ మాటలోనే ఉంది. ఇంగ్లీషులో 'ఎ ఫ్యామిలీ దట్ హాజ్ కమ్ డౌన్ ఇన్ ద వరల్డ్' అనండి. ఇల్లు, హోటలు, పేట వంటి వాటికీ స్పానిష్‌లో ఇదే మాట వాడతారు, కానీ వాటికి ఇంగ్లీషులో 'సీన్ బెటర్ డేస్' నప్పుతుంది.