అల్లుడికి, ఎడమ చేతి గురించి

అల్లుడూ,

గుణుపురం నుంచి నువ్వు పంపిన బాస్ గిటార్ వీడియో రెండుసార్లు చూశాను. తాళం బాగానే నిలబడుతోంది గానీ ఎడమ చెయ్యి మాత్రం ఎండ్రకాయలా అటూ ఇటూ పరిగెడుతోంది. ఆర్పెజియోకి, అంటే కార్డ్‌లోని స్వరాల్ని ఒక్కొక్కటిగా వాయించడానికి, అంత ప్రయాణం అక్కర్లేదురా, నాలుగు ఫ్రెట్లు (బాస్ మెడ మీది గళ్లు), నాలుగు వేళ్లు, అంతే.

మీ తాత హార్మోనియం లెక్కలో చూడు: స గ ప స. మేజర్‌కి అంతర గాంధారం, మైనర్‌కి సాధారణ గాంధారం, స, ప కదలవు. గాంధారం ఒక్క ఫ్రెట్ దిగుతుంది, కానీ దానివల్ల మొదటి స మీద పెట్టే వేలే మారిపోతుంది. నువ్వు తడబడుతున్నది అక్కడే.

ఎ మేజర్ తీసుకో. అన్నిటికన్నా లావు తీగ మీద 5వ ఫ్రెట్ మధ్యవేలితో నొక్కు. దాని పక్క తీగ మీద 4 చూపుడు వేలికి, 7 చిటికెన వేలికి, ఆ తర్వాతి సన్న తీగ మీద 7 కూడా చిటికెనకే. మైనర్ అయితే అదే 5వ ఫ్రెట్‌ని చూపుడు వేలితో మొదలుపెట్టి, అదే తీగ మీద 8 చిటికెనతో, తర్వాత రెండు తీగల మీదా 7 ఉంగరం వేలితో. లావు తీగ బదులు దాని పక్క తీగ మీద 5 నుంచి మొదలెడితే డి వస్తుంది, వేళ్లు మాత్రం ఇవే.

ఆ రెండు 7ల దగ్గర వేలు ఎత్తి గెంతకు. మొదటిదాన్ని వేలి కొసతో నొక్కి, తర్వాత వేలిని కాస్త పడుకోబెట్టు, తర్వాతి సన్న తీగ వేలి మెత్తటి భాగం కిందకి వస్తుంది, కొస మొదటి తీగని ఊరికే తాకుతూ దాని మోత ఆపేస్తుంది. దిగేటప్పుడు తిరగేసి చెయ్యి. ఇది కుదరడానికి నాకు రెండు నెలలు పట్టింది, చిటికెన వేలంత బద్ధకస్తురాలు లేదు.

ఇవన్నీ ముందు 5వ ఫ్రెట్ దగ్గరే నేర్చుకో. మోగే తీగ పొడవు 34 అంగుళాలుండే మామూలు బాస్‌లో మొదటి ఫ్రెట్ వెడల్పు దాదాపు 2 అంగుళాలు, అక్కడ నాలుగు వేళ్లూ సాగదీస్తే చెయ్యి పోతుంది. ఆ మొదటి ఫ్రెట్ల దగ్గర వాయించాల్సి వస్తే డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) వాళ్ల పద్ధతి పట్టుకో: చూపుడు, మధ్య, చిటికెన మాత్రమే, చిటికెనకి ఉంగరం వేలు తోడు. వాళ్లకి ఫ్రెట్లుండవు గానీ మన లెక్కలో మూడు వేళ్లకి మూడు ఫ్రెట్లంత జాగానే, నాలుగోది కావాలంటే చెయ్యి జరుపుతారు, అందులో నామోషీ ఏం లేదు.

బరంపురంలో ఒకసారి ఠాకురాణి యాత్రకి, స్టైల్ కోసం బాస్‌ని మోకాళ్ల దాకా వేలాడదీసి రాత్రంతా వాయించాను. మణికట్టు మడతపడిపోయి పొద్దున టీ గ్లాసు పట్టుకోలేకపోయాను. మా డ్రమ్మర్ నవ్వి ఒడియాలో "ఆస్తే ఆస్తే", మెల్లగా మెల్లగా, అన్నాడు. అప్పట్నుంచి కూర్చుంటే ఎక్కడుంటుందో నిలబడ్డా అక్కడే ఉండేలా స్ట్రాప్ బిగిస్తాను. బొటనవేలు బాస్ మెడ వెనక, మధ్యవేలికి ఎదురుగా ఉంచు, పైకి చుట్టకు.

మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి దెబ్బకో స్వరం, మేజర్ ఎక్కి దిగు, వెంటనే మైనర్. నొప్పి పుడితే ఆపెయ్యి, మొండికెయ్యకు.

దసరాకి పర్లాకిమిడి వచ్చినప్పుడు చూస్తాను. స్ట్రాప్ మర్చిపోకు, పోయినసారిలా మీ అత్త బట్టలారేసే తాడు ఇవ్వదు.

మావయ్య