క్లిప్పు 96 అంటంది, నాన్నకేమో ఆయాసం

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చీమకుర్తి దగ్గర. నాన్నకి 58 ఏళ్ళు, గ్రానైట్ ఫ్యాక్టరీలో 20 ఏళ్ళు కటింగ్ పని చేశాడు. ఈ మధ్య మేడ మెట్లెక్కితే చాలు ఆయాసం, పొడి దగ్గు. ఊళ్ళో డాక్టరు వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి 96 ఉంది, ఊపిరితిత్తులు బానే ఉన్నాయి, గ్యాస్ అయ్యుంటది అని బిళ్ళలిచ్చాడు. కరోనాలో కొన్న మిషను మా ఇంట్లో కూడా ఉంటే బీరువాలోంచి తీసి చూశాం, అమ్మకి 88 చూపించింది, ఆమెకేమో ఏ బాధా లేదు! దేన్ని నమ్మాలండీ?

జవాబు: అమ్మగారి సంగతి ముందు తేల్చేద్దాం. చన్నీళ్ళలో అంట్లు తోమొచ్చి పెట్టుకున్నారా, గోళ్ళకి ముదురు రంగుందా? ఆ క్లిప్పు వేల్లోంచి ఎర్ర లైటు, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు పంపి, నాడి కొట్టుకున్నప్పుడల్లా ఏది ఎంత తగ్గిందో చూసి లెక్కగడతది, అంటే వేలికి రక్తం సరిగా రాకపోతే లెక్క తప్పుద్ది. చెయ్యి వెచ్చబెట్టి, కదలకుండా ఒక నిమిషం ఆగి చూడండి. మిషన్లో నాడి అంకె, మణికట్టు పట్టుకుని మీరు లెక్కేసిన నాడీ కలవకపోతే ఆ ఆక్సిజన్ అంకెని పట్టించుకోవద్దు. సరిగా చూసినా 88 వస్తే మాత్రం ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

నాకు బెంగంతా నాన్నగారి 96 మీదే. కూర్చున్నోడికి చూసిన అంకె అది, ఆయాసమేమో మెట్లెక్కితే కదా వచ్చేది! రాతిపొడితో వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు మొదట్లో కూర్చున్నప్పుడు అంకె మామూలుగానే ఉండొచ్చు. ఛాతీనొప్పి లేకపోతే క్లిప్పు వేలికే ఉంచి, పక్కనే మీరుండి వరండాలో ఆరు నిమిషాలు నడిపించండి, కళ్ళు తిరిగితే ఆపేయండి. నాలుగు పాయింట్లు పడిందా, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. పడకపోయినా పోండి, ఎక్స్‌రే, ఊదించే పరీక్ష క్లిప్పు చెప్పనివి చెప్తాయి. రాతిపొడిలో ఉండే సిలికా దుమ్ము పీల్చినోళ్ళకి టీబీ ముప్పు కూడా ఎక్కువ, కళ్ళె పరీక్ష సర్కారు ఆసుపత్రిలో ఉచితం. ఈసీజీ, హిమోగ్లోబిన్ కూడా చూపించండి, రక్తం 7 గ్రాములే ఉన్నా క్లిప్పు 98 చూపించగలదు, ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్ మోస్తందో చెప్పడమే దాని పని.

కూర్చున్నా 92 కంటే తగ్గినా, మాట పూర్తి చెయ్యలేకపోయినా రేపటిదాకా ఆగొద్దు, ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఎన్నేళ్ళు చేశాడు, నీళ్ళు పోస్తా కోశాడా పొడిగానా, ముక్కుకి గుడ్డ కట్టేవాడా, ఇవన్నీ కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి, అడక్కపోయినా సరే.