పలోమారెస్‌లో బాంబులు పేలినా ఊరు ఎలా మిగిలింది: పిల్లలకు చెప్పే పద్ధతి

స్పెయిన్‌లోని పలోమారెస్‌లో అమెరికా అణు బాంబులు పడిన సంగతి చెబుతుంటే మీ పాప "బాంబు పేలితే ఊరెలా మిగిలింది?" అని అక్కడే ఆగిపోయిందా? మామూలు పేలుడు, అణు విస్ఫోటనం అనే రెండు వేర్వేరు పేలుళ్లను మీరు ఒకే మాటతో చెప్పి ఉంటారు.

1. ముందు జరిగినది చెప్పండి. 1966 జనవరి 17న స్పెయిన్‌లోని పలోమారెస్ గ్రామం మీదుగా వెళ్తున్న అమెరికా బి-52 విమానం, తనకు గాలిలోనే ఇంధనం అందించే విమానాన్ని ఢీకొనడంతో నాలుగు హైడ్రోజన్ బాంబులు పడిపోయాయి. మూడు నేల మీద, ఒకటి సముద్రంలో.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. బాంబు లోపల ప్లుటోనియం అనే రేడియోధార్మిక లోహం చుట్టూ మామూలు పేలుడు పదార్థం ఉంటుంది. అది అన్ని వైపులా ఒకే క్షణంలో పేలి ప్లుటోనియాన్ని సమంగా నొక్కితేనే అణు విస్ఫోటనం జరుగుతుంది. సున్నుండ చుట్టి చూపించండి. అరచేతులతో అన్ని వైపులా నొక్కితే ఉండ కడుతుంది, ఒక పక్కనే చరిస్తే పిండి చెదిరిపోతుంది (నెయ్యి ఎక్కువైతే ఈ ప్రయోగం కుదరదు). నేల మీద పడిన మూడింటిలో రెండు బాంబుల్లో జరిగింది ఆ చరుపే: మామూలు పేలుడు పదార్థం సమంగా పేలలేదు, ప్లుటోనియం చెదిరిపోయింది.

3. చెదిరిన ప్లుటోనియం ధూళి పొలాల్లో పడినందువల్ల ఆ మట్టిలో కొంత తవ్వి, పీపాల్లో నింపి అమెరికాకు తరలించారు. సముద్రంలోని బాంబును, అది పడటం చూసిన ఒక జాలరి చెప్పిన చోటు ఆధారంగా వెతికి ఏప్రిల్ 7న పైకి తీశారు.

రెండు విమానాల సిబ్బందిలో కలిపి ఏడుగురు మరణించారు. పాప అడిగితే దాచకండి.