వెనకటి తేదీ వేసి సంతకం పెట్టమంటున్నారు, పెట్టవచ్చా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. ఇద్దరు పిల్లలు చాలనుకుని మార్చిలో కు.ని. ఆపరేషన్‌కు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. రక్తం తీసుకున్నారు. హెచ్‌ఐవీ పరీక్ష చేస్తున్నట్టు చెప్పలేదు. మర్నాడు ఆపరేషన్ కుదరదన్నారు. కారణం నాకన్నా ముందు ఆశా ద్వారా మా అత్తకు తెలిసింది. ఆడబిడ్డ నానా మాటలూ అంది. ఆశాయే చెప్పిందన్న ఆమె వాయిస్ మెసేజ్‌ను కోపంలో చెరిపేశాను. ఓపీ చీటీ పోయింది. ఐదు నెలలుగా పుట్టింట్లోనే ఉన్నాను. నేనేం తప్పు చేశాను? ఇప్పుడు ఆసుపత్రి మనిషి వచ్చి, మార్చి తేదీతో సమ్మతి పత్రం మీద సంతకం పెడితే ఆపరేషన్ చేయిస్తామంటున్నాడు. పెట్టేయమంటున్నాడు మా అన్న. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. సంతకం మాత్రం పెట్టకండి. మీ ఆడబిడ్డ నానా మాటలూ అన్నదని రాశారు. వాటితో కేసు నిలబడదు, పడిపోదు. పడగొట్టేది ఆ కాగితం ఒక్కటే.

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 5 ప్రకారం విషయం తెలిపి, మీ సమ్మతి తీసుకున్నాకే ఈ పరీక్ష చేయాలి. పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఆ సమ్మతిలో భాగమే. ఆపరేషన్‌కు పెట్టిన సంతకం దీనికి చెల్లదు. కోర్టు ఆదేశం, రక్తనిధి స్క్రీనింగ్ లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, వాటిలో కు.ని. ఆపరేషన్ లేదు. మార్చి తేదీతో సంతకం పెట్టారో, రేపు బోనులో 'ఈ సంతకం మీదేనా' అన్న ఒక్క ప్రశ్న చాలు. పైగా దొంగ కాగితంలో మీకూ వాటా ఉందంటారు.

కు.ని. కోసం వచ్చినవాళ్లకు అక్కడే హెచ్‌ఐవీ పరీక్ష చేసే ఏర్పాటు మంచిదే. పరీక్ష కోసం విడిగా ఇంకో కేంద్రానికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఎవరు చూస్తారోనన్న భయం వేరే. కానీ అడిగి చేయాలి. పరీక్షకు ఒప్పుకుంటేనే ఆపరేషన్ అని ముడిపెట్టకూడదు.

ఇక మీ నిర్లక్ష్యం సంగతి. నిర్ధారణ పరీక్ష చేయించుకున్నట్టు ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఐదు నెలలు ఏం చేశారమ్మా? మొదటి పరీక్షలో 'రియాక్టివ్' వస్తే అది అనుమానమే. ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో) వేర్వేరు కిట్లతో మూడు పరీక్షలు చేశాకే పాజిటివ్ అంటారు. చట్టం దృష్టిలో కూడా నిర్ధారణ అయినవారే హెచ్‌ఐవీ పాజిటివ్. ఈ వారమే నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్లండి, పరీక్ష ఉచితం. నిర్ధారణ అయితే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులూ ఉచితమే. అప్పుడు ఆపరేషన్ నిరాకరించడం సెక్షన్ 3 కింద వివక్ష. కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు సెక్షన్ 29 ఇస్తుంది. నిర్ధారణ కాకపోయినా, సమ్మతి లేని పరీక్ష, గుట్టు బయటపెట్టడం అనే రెండు అంశాలూ మిగిలే ఉంటాయి.

ఆ గుట్టు గురించి సెక్షన్ 8 స్పష్టంగా ఉంది. సెక్షన్ 9 ప్రకారం భర్తకు కూడా డాక్టరో కౌన్సెలరో మాత్రమే చెప్పవచ్చు. అదీ ముందు మీకు కౌన్సెలింగ్ ఇచ్చి, మీరు చెప్పరని తేలాక, చెప్పబోతున్నామని మీకు తెలిపి. అత్తగారి ఊసే అందులో లేదు. అయితే ఆశా చెప్పిందనడానికి సాక్ష్యమేదీ? మీ అత్త మీ తరఫున బోనెక్కదు. ఆ మాట ఉన్న ఆడబిడ్డ వాయిస్ మెసేజ్‌ను కోపంలో చెరిపేశానని రాశారు. అన్నకు ఫార్వర్డ్ చేసి ఉంటే ఆయన ఫోన్ మార్చవద్దనండి. ఆ మెసేజ్‌ను కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. ఓపీ చీటీ పోయిందన్నారు కనుక, కేస్ షీటు, ల్యాబ్ రిజిస్టర్‌లో మీ పేరున్న వరస నకళ్లు ఇమ్మని ఆసుపత్రికి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపండి. కవరు మీద జబ్బు పేరు రాయకండి.

ఇరవై మంది లేదా అంతకు పైగా పనిచేసే ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. అక్కడ ఒక ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. తర్వాత రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు (ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే అధికారికి) వెళ్లవచ్చు, ఆయన 30 రోజుల్లో తేల్చాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటారేమో, అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి ఆ చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్రభుత్వం మీద సివిల్ దావాకు రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. పరువు నష్టం దావాకైతే గడువు ఏడాదే, ఐదు నెలలు ఇప్పటికే పోయాయి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును నెల్లూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది, ఫోన్ 15100. హెచ్‌ఐవీ చట్టం సెక్షన్ 34 కింద మారుపేరుతో విచారణ జరపమని ఆ లాయరు చేతే అడిగించండి.

ఆ మనిషి మళ్లీ వస్తే వెళ్లగొట్టవద్దు. కాగితాన్ని తేదీ కనబడేలా మీ అన్న చేత ఫొటో తీయించండి. చదువుకుంటామని అడిగితే వదిలి వెళ్లవచ్చు కూడా. వదిలితే దాని మీద గీత కూడా గీయకుండా లాయరుకు ఇవ్వండి, మీ చేతిలో అంతకన్నా మంచి సాక్ష్యం ఇప్పటికి లేదు.