ఎవరి శుక్రవారం?

ప్రశ్న: నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వేర్వేరు దేశాల్లో ఉన్న బృందాలు కలిసి సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతుల మీద ప్రత్యేకంగా మాస్టర్స్ కోర్సులు ఉన్నాయట. కోడ్‌లో మార్పులను నమోదుచేసే గిట్, వీడియో సమావేశాలు నాకు రోజూ ఉన్నవే. ఇక రెండేళ్లు కూర్చుని నేర్చుకునేది ఏముంటుందండీ?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ వయసులో నేనూ ఇదే మాట అన్నాను. ఒక శుక్రవారం నా నోరు మూయించింది. మూడు దేశాల బృందంలో ‘శుక్రవారానికి ఇస్తాం’ అని రాసింది నేనే. మా శుక్రవారం రాత్రి, గడువు దాటకుండానే పంపాను. తూర్పున ఉన్న సహోద్యోగులకు అప్పటికే శనివారం తెల్లవారింది. ముందురోజు మధ్యాహ్నం కస్టమర్ ముందు వాళ్లు ఖాళీ తెరతో కూర్చున్నారు. కోడ్‌లో ఒక్క తప్పూ లేదు. అందుకే మరీ ఉక్రోషం వచ్చింది.

అప్పటినుంచి తేదీ, గంట, పక్కనే యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) అని రాయకుండా మాట ఇవ్వను. దాంతోనూ తీరదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతాయి, యూరప్ చివరి ఆదివారం దాకా ఆగుతుంది. ఆ మధ్య రోజుల్లో ఎవరో ఒకరు సమావేశానికి గంట ముందో వెనకో వస్తారు.

ఇవి పైపై చిక్కులు, ఎవరైనా దెబ్బతిని నేర్చుకుంటారు. చదువు అవసరమయ్యేది ఇంకా లోపల. ఒక సంస్థలో మాటలు ఏ దారుల్లో సాగుతాయో, అది రూపొందించే వ్యవస్థకు ఆ ఆకారమే వస్తుందని మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే రాశాడు. అంటే పనిని రెండు నగరాల మధ్య ఎక్కడ విడగొట్టాలన్నది మేనేజరు ఒక్కడి తలనొప్పి కాదు, డిజైన్ ప్రశ్న. తప్పుచోట విడగొడితే చిన్న మార్పుకు కూడా అవతలివాళ్లు నిద్రలేచేదాకా ఆగాలి. ఎయిర్‌బస్ ఏ380 సంగతే చూడండి. జర్మనీలోని హాంబర్గ్‌లోనూ ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లోనూ కాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌నే వాడారు, కానీ వేర్వేరు వెర్షన్లు. తీరా విమానంలో బిగించబోతే వైర్లు సరిపోలేదు. 2006లో ఆ విమానాల అప్పగింత బాగా వెనక్కి పోవడానికి అదొక ముఖ్య కారణం.

కోర్సు ఎంచుకునేటప్పుడు నేనైతే పాఠ్యాంశాల పేర్లు చూడను, ప్రాజెక్టు ఎవరితో చేయిస్తారో చూస్తాను. స్వీడన్‌లోని మెలార్డాలెన్, క్రొయేషియాలోని జాగ్రెబ్ విశ్వవిద్యాలయాలు కలిసి నడిపిన కోర్సులో రెండు దేశాల విద్యార్థులు ఒకే జట్టుగా పనిచేశారు. పక్క బెంచీలో లేని మనిషితో మీ మార్కులు ముడిపడాలి. అప్పుడే అర్ధరాత్రి మీరు వదిలిన పనిని పొద్దున్నే ఇంకొకరు మిమ్మల్ని అడగకుండా అందుకునేలా రాయడం పట్టుబడుతుంది. ఫలానా దేశంవాళ్లు మొహమాటస్తులు, ఫలానావాళ్లు ముక్కుసూటి మనుషులు అని జాబితాలు చెప్పే ‘సంస్కృతి’ తరగతుల మీద నాకు గురి లేదు.

యూరప్‌లో రెండేళ్ల మాస్టర్స్‌కు సాధారణంగా 120 క్రెడిట్లు, క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. మూడు వేల గంటలకు తక్కువ కాదు. వాటిని గిట్ కోసం ఖర్చుపెడితే దండగ.

దరఖాస్తుకు ముందు కోర్సు చూసేవారికి ఒక ఈమెయిల్ రాయండి. ప్రాజెక్టులో అవతలి విశ్వవిద్యాలయం ఏది, మార్కులు ఎవరు వేస్తారు, దరఖాస్తుకు ఆఖరి గడువు ఎప్పుడు అని అడగండి. గడువు తేదీ పక్కన అది ఏ దేశపు గంటో రాశారేమో చూడండి.